క్రీస్తుదాసు లేచిన ఆట

మా ఆయన్ని రెండుసార్లు పెట్టెలో పెట్టారు. మొదటిసారి సినిమావాళ్ళు పెట్టారు, లేచాడు. రెండోసారి లేవలేదు.

యాభై ఎనిమిదిలో మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ రెడ్డిగూడెం మామిడి తోటల్లోకి దిగింది. నవ్వుల సినిమా అన్నారు. ఆర్సీయం కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ పడని ఊళ్ళో ఒకడు చస్తాడు. మావాడంటే మావాడని రెండు మిషన్ల వాళ్ళూ శవప్పెట్టెను చెరోవైపు లాగుతారు. దానికి వేషగాళ్ళెందుకు, మా పేటవాళ్ళు చాలు. మా ఉపదేశి జోజప్ప ఆర్సీయం వైపు, సంఘపెద్ద దేవసహాయం అటువైపు, రోజూ ఎలా ఉంటారో అలాగే నిలబడ్డారు. శవం వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

"నేను పడుకుంటానండీ. పడుకోవడమే పనైతే ఎవడు కాదంటాడు?" అన్నాడు మా ఆయన క్రీస్తుదాసు.

లాగులాట ముదిరాక శవం లేచి కూర్చోవాలి. లేచాడు. పెదాలు కదిలిస్తే చాలు, మాట మద్రాసులో కలుపుతామన్నారు. కెమెరా పట్టుకున్నవాడు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను ఆర్సీయం పిల్లను, ఇన్నమ్మను. ఆయన పుట్టుక ప్రొటెస్టెంటు. మా మతంలో చేరతానని మాటిచ్చి మా గుళ్ళోనే పెళ్ళి చేసుకున్నాడు. వెంటనే వాళ్ళు సంఘం పుస్తకంలో ఆయన పేరు కొట్టేశారు. ఈయన మా పుస్తకంలోకి ఎక్కాడా అంటే, "కాయ కోతలు అయిపోనీయ్యవే" అంటూ కాలం గడిపాడు. ఒక కాపు పోయింది, ఇంకో కాపు వచ్చింది. వాయిదా వెయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా.

మరుసటి వేసవిలో బసవపున్నారావు గారి తోటలో చెట్టెక్కి, కొసకి వల కట్టిన చిక్కం గడతో రసాలు కోస్తుంటే కొమ్మ విరిగి పడ్డాడు. నాకప్పుడు ఆరో నెల.

పెట్టె మోసుకుని మా సమాధుల దొడ్డికి పోతే జోజప్ప గేటుకి అడ్డం నిలబడ్డాడు. "మా పుస్తకంలో పేరు ఎక్కలేదమ్మా, వాళ్ళవాడు" అన్నాడు. వాళ్ళ దొడ్డికి పోతే దేవసహాయం, "కొట్టేశాంగా అమ్మా, మీవాడే" అన్నాడు. సినిమాలో మావాడని లాగినవాళ్ళే నిజంగా చచ్చిపోతే మీవాడని నెట్టారు. పొద్దున బయలుదేరిన పెట్టె మూడింటిదాకా ముసునూరు రోడ్డు మీద ఎండలో ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని చూస్తూ కూర్చున్నాను. చివరికి బసవపున్నారావు గారే, "మా తోట గట్టున పూడ్చుకోండమ్మా" అన్నారు. ఆయన హిందువు. ఆయనకి ఏ పుస్తకమూ అడ్డం రాలేదు.

ఆ గట్టు పక్క వరసలో మధ్యాహ్నం దాటితే ఎవరూ కాయ కొయ్యరు. క్రీస్తుదాసు లేచి కూర్చుని కనిపిస్తాడట. నేను ఎన్ని మధ్యాహ్నాలు ఒంటరిగా పోయి కూర్చున్నానో. నాకు మాత్రం కనపడడు. పెట్టె చెక్క కిర్రుమన్నట్టు వినపడుతుంది, అంతే.

పుట్టిన పిల్లకి కరుణ అని పేరు పెట్టాను. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు. "నాన్న ఎలా ఉంటాడే?" అని అది అడుగుతూనే ఉండేది. అరవై మూడులో ఆ సినిమా ముసునూరు టూరింగు టాకీసుకి వచ్చిందంటే, పిల్లకి తలంటి, గౌను తొడిగి, మొదటి ఆటకి తీసుకుపోయాను. దానికి తండ్రి ముఖం చూపించాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

పేట మొత్తం డేరాలోనే ఉంది, అక్కడ కూడా ఆర్సీయం ఒక పక్క, ప్రొటెస్టెంట్లు ఒక పక్క. పెట్టె వచ్చింది. లాగులాట మొదలైంది. తెర మీద తమని తాము చూసుకుని అందరూ ఒకటే నవ్వు. "అదిగో, ఇప్పుడు లేస్తాడు చూడు" అని కరుణని ఒళ్ళో నిలబెట్టాను. బొమ్మ చటుక్కున ఎగిరింది. పెట్టె లేదు, ఆయన లేడు. ఎవరో పెళ్ళిలో మేళం వాయిస్తున్నారు.

పిల్లని చంకనేసుకుని బొమ్మ వేసే మిషను గదికి పోయాను. ఆపరేటరు వెంకటరమణ తల దించుకున్నాడు.

"పెద్దలిద్దరూ పొద్దున ఒకే బండిలో వచ్చారమ్మా. శవం లేవడమంటే పునరుత్థానాన్ని ఎగతాళి చెయ్యడమన్నారు. ఆ ముక్క తీసేయించారు."

నాలుగేళ్ళలో ఆ ఇద్దరూ ఒకే బండి ఎక్కింది దీనికి! పునరుత్థానమా, వాళ్ళ మొహం. మూడింటిదాకా ఎండలో ఉన్న పెట్టె గుర్తొస్తుందని భయం. తెరకి అడ్డంగా పోయి నిలబడ్డాను. బొమ్మ నా మీదా పిల్ల మీదా పడుతోంది.

"జోజప్ప బాబాయ్, దేవసహాయంగారూ, ఆయనకి పడుకోవడానికి చోటివ్వలేదు. లేవనైనా లేవనివ్వరా?"

దేవసహాయం కండువాతో మొహం తుడుచుకుని, "వెయ్యవయ్యా" అన్నాడు. జోజప్ప తల ఊపాడు.

వెంకటరమణ సినిమా ఆపి ముక్క అతికించి మళ్ళీ వేశాడు. లాగులాట. మూత కదిలింది. మా ఆయన లేచి కూర్చున్నాడు, ఇంతంత కళ్ళతో, నుదుటి మీద చిన్నప్పటి గాటుతో. గొంతు మాత్రం ఎవరిదో.

"మీరు తేల్చుకోండయ్యా, నేనీలోగా అన్నం తినొస్తాను."

రెండు పక్కలా ఒక్కడూ నవ్వలేదు. కరుణ ఒక్కతే చప్పట్లు కొట్టి పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే అది తన కంచం కొంచెం పక్కకి జరుపుకుంది.

"నాన్న తినడానికి వస్తానన్నాడుగా, ఆయనకీ పెట్టు" అంది.

పెట్టాను. అది తలుపు వైపు చూస్తూ కూర్చుంది. నేనూ చూశాను.