మావయ్య లాగ్ బుక్

"తక్కువట మధూ! మళ్ళీ వచ్చే ప్రమాదం తక్కువట!"

నాగవంశీ సీతమ్మధార డాక్టరుగారి మెట్ల మీద నుంచే ఫోన్లో అరుస్తున్నాడు. దువ్వాడలో, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో సెల్లు పట్టుకున్న మధులత స్టవ్ ముందే ఒక గంతు వేసింది. కొత్త మట్టెలు గచ్చు మీద టక్కుమన్నాయి. పెళ్ళై నలభై రోజులు. ఆ చప్పుడంటే ఆమెకింకా ముద్దే.

"మళ్ళీ చెప్పు."

"తక్కువ."

"ఇంకొక్కసారి."

"ఏటే నీ గోల! ఆటో ఎక్కుతన్నాను. ముందు నాన్నకి చెప్పు."

మామగారు ఎల్లారావు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కంట్రోల్ రూంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆర్నెల్ల కిందట మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ తీశారు. అలాంటిది తీసేసినా చాలామందికి మళ్ళీ మొలుస్తుంది. ఎవరికి మొలుస్తుందో ముందే పసిగట్టాలని హైదరాబాదులో కొందరు పరిశోధన చేస్తున్నారంటే, డాక్టరుగారు ఆయన గడ్డలోంచి చిన్న ముక్క వాళ్ళకి పంపించాడు. ఇవాళ దాని ఫలితం వచ్చింది.

వరండాలో ఆయనకి విషయం చెప్పగానే అత్తగారు వరహాలమ్మ "అప్పన్నసామీ!" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుని దేవుడి గూటి దగ్గరికి వెళ్ళింది.

"గడ్డ ఆడ, మడిసి ఈడ. ఎలా సెప్తారమ్మా?" అన్నాడు ఎల్లారావు.

బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదివిన మధులతకి అలా అడిగితే పండగే. "మీ కంట్రోల్ రూంలో గోడనిండా దీపాలుండేవన్నారు కదా మావయ్యా! మన కణాల్లో జన్యువులూ అంతే. కొన్ని జోరుగా పనిచేస్తుంటాయి, కొన్ని మిణుకుమంటాయి, కొన్ని ఆరిపోయుంటాయి. మీ గడ్డలో ఏది ఎంత వెలుగుతోందో కొలిచారు. మళ్ళీ రానివాళ్ళ గడ్డల్లో కనిపించే వరసే మీదీనట."

"అయితే ఇంక రాదని రాసిచ్చినట్టేనా?"

"అలా కాదు. లోపలికి కెమెరా పెట్టి చూసే పరీక్షలు మానకూడదు. కానీ భయం సగానికి సగం తగ్గినట్టే."

ఆయన తలూపాడు. నవ్వలేదు.

ఆపరేషన్ అయ్యాక మూత్రంలో రక్తం పడుతుందేమో చూసుకోమన్నారని ఎల్లారావు దాన్నీ షిఫ్టు డ్యూటీలాగే చేస్తున్నాడు. రోజూ పొద్దున్నే నోటు పుస్తకంలో తేదీ, టైము, రంగు. గడి ఖాళీగా వదిలి షిఫ్టు దిగినవాడు మనిషే కాదంటాడు. ఈ రోజు గడి పక్కన శుభవార్త తనే రాయాలని సరదాపడి మధులత ఆ పుస్తకం తెరిచింది.

నిన్నటి గడి ఖాళీ. ఇవాళ్టిదీ ఖాళీయే.

"మావయ్యా, ఇదేంటి?"

"పెన్నులో ఇంకు అయిపోనాది."

పెన్ను ఆయన జేబులోనే ఉంది. ఆమె దాన్ని తీసి పుస్తకం అంచున గీసి చూపించి, మళ్ళీ ఆయన జేబులో పెట్టింది.

"ఎరుపమ్మా," అన్నాడాయన చివరికి, గొంతు తగ్గించి. "నిన్నా, ఇయ్యాలా. మీ అత్తతో అనకు. పెళ్ళి కళ ఇంకా ఆరని ఇల్లు. అబద్ధం రాయలేను. నిజం రాద్దారంటే సెయ్యి రానేదు."

మధులత వేళ్ళ మీద లెక్కేసింది. నిన్నా, ఇవాళా. మరి మొన్న? మొన్న సాయంత్రం తను మొట్టమొదటిసారి ఈ ఇంట్లో చేసింది...

"బీట్‌రూట్ హల్వా!"

"దాని ఊసిప్పుడెందుకు?"

"కొంతమందికి బీట్‌రూట్ తింటే అలాగే ఎర్రగా వస్తుంది మావయ్యా! మొన్న మూడు కప్పులు తిన్నారు. నిన్న మిగిలిందీ మీరే తిన్నారు!"

గుమ్మంలో వరహాలమ్మ ఎప్పుడొచ్చిందో! "ఇదా దాసినారు నాకాడ? మూడు కప్పులు ఎవులు తినమన్నారు మిమ్మల్ని?"

"కొత్త కోడలు పెడితే వద్దంటానేటే? నాకసలు ఆ దుంపే పడదు."

"పడదా!" మధులత మూతి ముడుచుకోబోయి పకాలున నవ్వేసింది. ఆ నవ్వుకి ఆయన భుజాలు కిందికి దిగాయి. రెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలి, పెన్ను తీసి రెండు గడుల్లోనూ "ఎరుపు" అని గుండ్రంగా రాశాడు.

"ఇది హల్వా రంగు కాదనుకో, అప్పుడో?" అన్నాడు.

"అప్పుడు ఆలస్యం కాకుండా పట్టుకున్నట్టవుతుంది," అంది మధులత. "హల్వా మీద నెట్టేసి ఊరుకోకూడదు."

ఎల్లారావు పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు.

"రేపొద్దున్న ఏడింటి బస్సుకి నువ్వూ, నేనూ, మీ అత్తా ముగ్గురం సీతమ్మధార ఎల్దాం. మూత్రం పరీక్షకిచ్చేసి, కెమెరా పరీక్షకీ రోజు ఖాయం సేసుకునొద్దాం."