మార్కు మీద తడి అడుగులు

నాలుగో టేకు కూడా పోయింది. డైరెక్టర్ అరచేతంత తెర మీదికి వంగి, బొమ్మను పెద్దది చేసి చూశాడు. లాండ్రీలో పనిచేసే అక్క చెవి, చెవి పక్కన చెమటకు అంటుకున్న వెంట్రుకలు చక్కగా కనిపిస్తున్నాయి. కళ్ళు మాత్రం మసక. కళ్ళు మసకబారిన ముఖం సినిమాలో ఎందుకూ పనికిరాదు.

"మళ్ళీ మార్కు తప్పిందా?" అన్నాడు డైరెక్టర్ విసుగ్గా.

ఫోకస్ తిప్పే మనిషి గొంతు సవరించుకున్నాడు. "కొంచెం ముందుకొచ్చినట్టుందండీ."

ఇరవై రెండేళ్ళ కిందట, పనిలో చేరిన మొదటి వారమే కెమెరామన్ నేర్పిన పాఠం అది. ఇవాళా కెమెరా వెనక ఉన్నది ఆయనే; గురువుగారని పిలుస్తాడు. "ఫోకస్ పోయిందని మన నోటితో మనం అనకూడదురా. మార్కు తప్పిందనాలి." అలా అంటే తప్పు నేల మీద అంటించిన టేపు ముక్క మీదికీ, దాని మీద నిలబడ్డ మనిషి మీదికీ పోతుంది. పేరున్న నటులైతే నవ్వేసి మరోసారి నటిస్తారు, అంతటితో సరి. అక్క నటి కాదు. ఈ లాండ్రీలో ఇరవై ఏళ్ళుగా ఈ కాగు ముందే నిలబడి దుప్పట్లు ఉడకబెడుతున్న మనిషి. ఈ సినిమా తీస్తున్నదే ఆవిడలాంటి వాళ్ళ కష్టం గురించి.

కష్టం తెలియాలంటే చేతులు కనబడాలన్నాడు డైరెక్టర్. అందుకని అక్క రోజూ చేతికి చుట్టుకునే గుడ్డ విప్పించారు. ఇప్పుడా గుడ్డ కెమెరా స్టాండుకు కట్టి ఉంది, ఆవిరికి చెమ్మగిల్లే ఫోకస్ రింగును తుడుచుకోవడానికి. అక్క వట్టి చేత్తో మూత ఎత్తాలి, పొగలు కక్కే దుప్పటిని కర్రతో పైకి లాగాలి, తలెత్తి కిటికీ వైపు చూడాలి. నాలుగుసార్లు ఎత్తింది. మోచేతి కింద చర్మం ఎర్రగా కమిలింది. కష్టజీవి మీద జాలితో తీసే సినిమా కోసం కష్టజీవి చెయ్యి కాలుతుంటే అక్కడెవరికీ వింతగా అనిపించలేదు.

మధ్యాహ్నం దాకా ఫోకస్ మనిషికి గండం గడుస్తూనే వచ్చింది. దీపాలు తెచ్చే స్తోమత లేక కిటికీ ఎండతోనే తీస్తున్నారు. వెలుతురు చాలడం లేదని డైరెక్టర్ లెన్సు మార్పించాడు. ఈ కొత్త లెన్సుతో చీకటి మూలల్లో కూడా ముఖం వెలుగుతుంది. కానీ అందులో స్పష్టంగా ఉండేది అంగుళం మేర మాత్రమే. ఆ అంగుళాన్ని మనిషి కళ్ళ మీద నిలబెట్టడమే ఆయన పని.

ఆరు నెలలుగా ఆయన ఎటు చూసినా సరిగ్గా మధ్యలో ఒక మసక మచ్చ. అద్దాలతో కుదిరే జబ్బు కాదని డాక్టరు చెప్పేశాడు. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడే కెమెరాకూ మనిషికీ మధ్య దూరం కొలిచే టేపుకు అడుగడుగునా దారపు ముడులు కుట్టి ఇచ్చింది. అంకెలు చదవక్కర్లేదు, వేళ్ళతో తడిమితే చాలు. పాత లెన్సుకు ఆ ముడులు సరిపోయాయి. ముడికీ ముడికీ మధ్యనున్న అంగుళాలను మాత్రం ఆవిడ కుట్టలేకపోయింది. ఈ సంగతి బయటపడితే రేపటి నుంచి ఎవరూ పిలవరు. వేరే పని ఆయనకు చేతకాదు.

"అన్నా," అని పిలిచింది అక్క. ఆయనేమో ఆవిడను అక్కా అంటాడు. ఇంతకీ మీ ఇద్దరిలో పెద్దెవరని యూనిట్ అంతా నవ్వుకునేది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. "నేను నిజంగానే కదిలానా? పళ్ళు బిగబట్టుకుని నిలబడుతున్నానే."

ఆయన కొలత టేపు పట్టుకుని ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎండ ఇంకో పావుగంటేనండీ!" గుమ్మం దగ్గర్నుంచి ఎవరో అరిచారు.

"అక్కా, ఒక్కసారి వెనక్కెళ్ళి మళ్ళీ నడుచుకుంటూ రండి," అన్నాడు డైరెక్టర్. గొంతు బొంగురుపోయింది. అతను నిద్రపోయి రెండు రోజులైంది.

అక్క వెనకనున్న నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళింది. నేరుగా చూస్తే మచ్చ తప్ప ఏమీ కనబడదు కనుక ఆయన అలవాటుగా తల పక్కకు తిప్పి, కంటి కొసతో నేలను చూశాడు. తొట్టి నుంచి టేపు ముక్క దాకా సిమెంటు మీద తడి అడుగులు చెదురుమదురుగా ఉన్నాయి. టేపు దగ్గర మాత్రం ఒకటే జత. నాలుగుసార్లు వచ్చి నిలబడిన మనిషికి ఒకే ఒక్క జత అడుగులు! రెండు బొటనవేళ్ళూ టేపు అంచును తాకుతూ ఉన్నాయి. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు.

అక్క వచ్చి నిలబడింది. పాదాలు ఆ తడిలోనే పడ్డాయి.

"ఫోకస్ రెడీయా?" అన్నాడు డైరెక్టర్.

"కాదండీ."

"ఏమైంది?"

"అక్క మార్కు తప్పలేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. నాకే కనబడటం లేదు."

గురువుగారు కెమెరా వెనక నుంచి గొంతు తగ్గించి, "ఒరేయ్, నోర్ముయ్యరా," అన్నారు. ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువ.

"ఆరు నెలల నుంచీ కనబడటం లేదు గురువుగారూ. ఆవిడ చెయ్యి చూడండి."

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. కిటికీ వంక చూశాడు, గురువుగారి వంక చూశాడు. "ఫోకస్ కూడా మీరే తిప్పండి," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఒక్కటంటే ఒక్కటి అక్కా. ఇదే ఆఖరు. ఇది పోతే నా సినిమాయే లేదు."

అక్క మూత మీదికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ముందు నా గుడ్డ నాకివ్వండి బాబూ."

"గుడ్డ ఉంటే చెయ్యి కనబడదక్కా!"

"కనబడకపోతే మానె."

ఎవరూ కదల్లేదు. ఫోకస్ మనిషి లేచి స్టాండు దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ విప్పడానికి ఆయనకు కళ్ళతో పని పడలేదు. పొద్దున ఆ ముడి వేసింది తనే.