ఒకే మనిషి, రెండు సంతకాలు

"ఒక ఉత్తరం కింద మీ ఆయన ఇంటిపేరు పెట్టు, రెండోదాని కింద మీ నాన్న పేరు పెట్టు. ఏది ఎవరికి వెళ్ళాలో జాబితా విడగొట్టి నేనిస్తాను," అన్నాడు డైరెక్టర్ ఒన్యాంచా, టీలో మాండాజీ రొట్టె ముంచుకుంటూ.

వంగెచి తలూపింది. మోలో ఊళ్ళో ఆస్పత్రి వెనకున్న ఈ విడిదిలో ఆమె ఆరేళ్ళుగా పనిచేస్తోంది. దూరపు ఊళ్ళ గర్భిణులు నెలలు నిండగానే వచ్చి ఇక్కడుంటారు, నొప్పులు మొదలైతే నడిచి ఆస్పత్రికి పోతారు. చుట్టుపక్కల రైతులు పంపే పాలు, మొక్కజొన్నలు, బంగాళాదుంపలే విడిదికి ఆధారం. ఆ రైతులకు వెళ్ళే ప్రతి ఉత్తరమూ రాసేది వంగెచి, కింద సంతకం ఒన్యాంచాది. ఆరేళ్ళలో ఎవరికీ ఆమె పేరుతో పని పడలేదు. ఎన్నికలయ్యాక ఒక్కసారిగా రెండు పేర్లు కావలసివచ్చాయి. ఓడినవాళ్ళకు మెట్టినింటి పేరు ఎస్తేర్ లంగాట్, గెలిచినవాళ్ళకు పుట్టింటి పేరు వంగెచి గిచుహి.

ఆమె పుట్టింటి తెగవాళ్ళు ఓట్లేసిన మనిషి గెలిచాడు, మెట్టినింటి తెగవాళ్ళు వేసిన మనిషి ఓడాడు. లెక్కింపులో మోసమని వీళ్ళు, ఓర్వలేనితనమని వాళ్ళు. మన పాలు తాగి వాళ్ళ ఆడవాళ్ళు కంటున్నారని వీళ్ళు, మన దుంపలు తిని వీళ్ళ ఆడవాళ్ళు కంటున్నారని వాళ్ళు. ఇరువైపులా ఒక్కొక్కరే పంపడం మానేశారు. "కాస్త చల్లారనీ, ఇప్పుడేమీ మాట్లాడొద్దు," అంటూ ఒన్యాంచా ఆరు వారాలు గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. ఏదీ చల్లారలేదు. విడిదిలో పంతొమ్మిది మంది నిండు గర్భిణులు పది రోజులుగా పాలు లేని టీ తాగుతున్నారు. ఇలాగే ఉంటే నెలాఖరుకు విడిది మూసేయాలి.

మానేసినవాళ్ళలో ఆమె భర్త కిబెట్ కూడా ఉన్నాడు. ఫలితాలొచ్చిన మర్నాడే, "ఆవులు సరిగ్గా ఇవ్వట్లేదని మీ ఆఫీసులో చెప్పు," అన్నాడు. తెల్లారకముందే లేచి నాలుగావులూ పితికేది వంగెచి. పొదుగు సంగతి పితికేదానికి తెలియదా? తెలిసీ ఆ అబద్ధాన్ని బుద్ధిగా ఆఫీసుకు మోసుకెళ్ళి అప్పజెప్పింది. మొక్కజొన్న ముద్ద ఉగాలి వడ్డిస్తుంటే అత్తగారైన కోబిలో, "మీవాళ్ళు గెలిచారుగా, ఇంకేం, నువ్వే రాణివి," అంది. దానికీ నవ్వేసింది. అన్నయ్య ఫోన్ చేసి, "ఆ ఇంట్లో జాగ్రత్త. ఇంతకీ నువ్వెవరికి వేశావే?" అన్నాడు. అదీ నవ్వుతోనే దాటేసింది. పదకొండేళ్ళుగా చేస్తున్నది ఇదేగా అనిపించింది. అక్కడ వంగెచి, ఇక్కడ ఎస్తేర్, కూతురు పుట్టాక అందరికీ చెరోనో వాళ్ళమ్మ. అక్కడ వాళ్ళకు నచ్చే మాట, ఇక్కడ వీళ్ళకు నచ్చే మాట. ఒన్యాంచా కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆమె బతుకునే రెండు కాగితాల మీద రాయమన్నాడు, అంతే. అందుకే ఆమెకు అంత ఒళ్ళుమండింది.

కుర్చీలో నిలవలేక వంటింటివైపు వెళ్ళింది. అక్కడ రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. మొన్నటిదాకా ఒకటే ఉండేది.

"ఇదేంటి న్జోకీ?"

"వాళ్ళు మా కుండలో ఏం కలుపుతారోనని భయమక్కా," అంది న్జోకీ. తొమ్మిదో నెల, నడుం పట్టుకుని నిలబడింది. "వాళ్ళకీ మా మీద అదే భయంలెండి."

"మరి కట్టెలు?"

"కట్టెలు ఒకటే మోపక్కా. వంగలేం కదా. ఎవరు లేవగలిగితే వాళ్ళు తెచ్చి రెండింట్లోనూ పెడతాం."

ఒన్యాంచా ఇచ్చిన నమూనాలో మొదటి వాక్యం, 'మా తల్లులంతా ఒకే కుటుంబంలా కలిసిమెలిసి ఉన్నారు.' వంగెచి దాన్ని కొట్టేసింది. ఒకటే ఉత్తరం రాసింది.

'విడిదిలో ఇప్పుడు రెండు పొయ్యిలున్నాయి. ఇది మీకు చెప్పకూడదనుకున్నాం, అందుకే ఆరు వారాలు రాయలేదు. అది మా తప్పు. మీ కోపం వదులుకోమని అడగను. మా ఇంట్లో కూడా వదల్లేదు. మా ఆవులు పాలివ్వట్లేదని నేనే అబద్ధం చెప్పాను. అవి బాగానే ఇస్తున్నాయి. ఇక్కడ పంతొమ్మిది మందికి పాలు లేవు. బుధవారం వచ్చి చూడండి. కోపం ఉంటే నా మొహమ్మీదే అనండి, కూర్చుని వింటాను.' కింద వంగెచి ఎస్తేర్ గిచుహి లంగాట్ అని మొత్తం రాసింది. అంత పొడుగు పేరు పెళ్ళినాడు కూడా రాయలేదు.

ఒన్యాంచా రెండుసార్లు చదివాడు. "ఇట్లాంటివి పంపితే ఉన్నవాళ్ళు కూడా పోతారమ్మా."

"ఎవరున్నారు సార్?"

"పంపితే బాధ్యత నీది."

"సంతకం నాదేగా సార్."

శనివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నాక, ఆమె తన ఫోన్ తీసి ఆ ఉత్తరాన్ని జాబితాలో ఉన్న మూడు వందల మందికీ పంపింది. బల్ల మీద కిబెట్ ఫోన్ మోగింది. అతను తీసి చదవసాగాడు. ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో ఇంకేం పోతుందో తెలియదు. అయినా ముద్ద దిగుతోంది, అదే వింతగా ఉంది.

"ఏముందిరా అందులో?" అంది కోబిలో.

"మన ఆవులు పాలిస్తున్నాయని ఊరందరికీ రాసింది."

"ఇస్తున్నాయిగా," అంది ముసలామె. అన్నాక నాలుక కరుచుకుంది.

కిబెట్ ఫోన్ బోర్లించాడు. "ఇంటి గుట్టు రచ్చకెక్కించావు. మన పాలు ఒక్క చుక్క అటు పోవు, చెప్తున్నా."

వంగెచి చెయ్యి కడుక్కుంది. గొంతు పెంచలేదు.

"నేను పితికినవి పోతాయి," అంది. "మీరు పితికినవి మీ ఇష్టం."