వకీలుగారి మీద వకీలుగారు

అయినా కళ్లజోడు ముక్కు చివరికి జార్చి చూడటం ఆవిడెప్పుడు నేర్చుకుంది, గొంతు సవరించుకోవడం కూడా అచ్చం తనలాగే, చట్టప్రకారం చూస్తే కింది వాటావాళ్లకి లిఫ్టు ఎందుకండీ అంటోంది భార్య, అపార్టుమెంటు జనమంతా ఒకటే నవ్వు, రిటైరైన వకీలుగారికి ఒళ్లు మండింది, ఇదంతా మీటింగు నడపడానికి వచ్చిన ఆ టీచరమ్మ నిర్వాకం, లిఫ్టు గురించి ఎన్నాళ్లు కొట్టుకుంటారు, ఒకరి పాత్ర ఒకరు వేసి వాదించండి, తర్వాతే ఓటింగు అని చీటీలు తీయించింది, భార్య చీటీలో తన పేరొచ్చింది, తన చీటీలోనేమో మోకాళ్లు అరిగి మీటింగుకే దిగలేని నాలుగో అంతస్తు బామ్మగారు.

ఆటలో అరటిపండులా కూర్చుందామనుకున్నాడు, కానీ ఎదుటివాళ్లు చట్టం అంటే ఊరుకునే నోరా అది, ఏమయ్యా వకీలూ, అని అందుకున్నాడు, నా ఇల్లే నాకు జైలు చేశారు, ఏ నేరానికి, ఏ కోర్టు వేసిన శిక్ష, ఆహా ఏం పాయింటు, భార్య తడబడింది, పునాదుల బలం చాలదేమోనండీ బామ్మగారూ, అంది, ఇంజనీరు ఢోకా లేదన్నాడుగా, మరి ఖర్చు, అంది, నువ్వు తప్ప అందరూ ఒప్పుకున్నారుగా, అసలు కారణం దాస్తావేం, చెప్పు, అనేశాక నాలిక్కరుచుకున్నాడు, జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పాడో, ఇక్కడ జవాబు తెలుసు, అదే కదా చిక్కు, లిఫ్టు వచ్చేది మెట్ల పక్కన తన పడక్కుర్చీ వేసుకునే మూలలోనే, అది ఆవిడకీ తెలుసు.

భార్య కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, కుర్చీదేముందండీ బామ్మగారూ, ఎక్కడైనా వేసుకోవచ్చు, అంది నెమ్మదిగా, మెట్లెక్కేవాళ్లు ఆగి, వకీలుగారూ బాగున్నారా అంటారు, కోర్టు మానేశాక ఆ పిలుపు నాకు అక్కడే మిగిలింది, లిఫ్టొస్తే ఇంకెవరు ఆగుతారు, ఈసారి ఎవరూ నవ్వలేదు, ఈ సంగతి తనకే తెలియదే, ఆవిడకెలా తెలిసింది, అతనికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, మరి ఆ నాలుగో అంతస్తులో బామ్మగారిని ఆగి పలకరించేది ఎవరు, ఇక లిఫ్టు కావాలన్నవాళ్లు చేతులెత్తండి అంటోంది టీచరమ్మ, ఎత్తాడు, తన మీద తనే కేసు గెలిచిన వకీలు ఊళ్లో ఇంకెవడూ ఉండడు, కుర్చీ లిఫ్టు తలుపుకి ఎదురుగా వేసుకోవాలి, అందులోంచి ముందుగా దిగేది నాలుగో అంతస్తు ఆవిడే, బామ్మగారూ బాగున్నారా అని ఈసారి తనే అడగాలి.