డేగలు కేంద్రానివి, వంతెన రాష్ట్రానిది

ఆ ఏడు మే నెలలో మా ఊరి వంతెన మూసేశారు. స్తంభాలు పగుళ్ళిచ్చాయి, మంచు పడేలోగా బాగుచెయ్యాలి. వంతెన మా మోంటానా రాష్ట్రానిది. తీరా పని మొదలుపెట్టబోతే, నడి స్తంభం మీద చేపలు పట్టే డేగ ఒకటి గూడు కట్టి గుడ్లు పెట్టి ఉంది. ఆ పక్షుల రక్షణ కేంద్రం చట్టం కిందికొస్తుంది. పిల్లలు ఎగిరేదాకా ఎవరూ సుత్తి ఎత్తకూడదని అక్కణ్ణించి ఉత్తరం వచ్చింది.

పనికి పెద్ద ఆరిన్ హాగెన్. నేను అతని కింద క్రేన్ నడిపేవాణ్ణి. ఆరిన్ భార్య మార్లిస్‌కి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రి ఏటికి అవతల. వంతెన మీదుగా పావుగంట. ఇప్పుడు కొండ చుట్టి పోవడానికే గంటన్నర.

"నిచ్చెన వేసి గూడు తీసెయ్యడం పది నిమిషాల పని ఆరిన్! ఎవడు చూస్తాడు?" అన్నాను.

"నేను చూస్తాగా," అన్నాడు.

రాష్ట్రం కోర్టుకెక్కింది. జడ్జి గారు రెండు వైపులా విని, "డేగ ఒక రాష్ట్రంలో కాపురముండేది కాదు, చలికాలం దేశమే దాటిపోతుంది. కనక దాని మంచిచెడ్డలు కేంద్రానివి. వంతెన ఎక్కడికీ పోదు, అది రాష్ట్రానిది. మీలో మీరు మాట్లాడుకుని ఒప్పందం రాసుకు రండి," అని పంపేశారు.

కేంద్రం తరఫున కోరా బెనవిడెజ్ అనే అధికారిణి వచ్చింది. హోటల్లో మా ముందు కూర్చుని, "మీ గవర్నర్ గారు టీవీలో నన్ను వాషింగ్టన్ దొరసాని అన్నారు. నేను న్యూ మెక్సికోలో గొర్రెల మధ్య పెరిగినదాన్ని," అంది కాస్త ఉక్రోషంగా.

"అయితే చెప్పండి మేడమ్, గొర్రె ఈనుతుంటే పక్క దొడ్లో పని మానేసేవాళ్ళా?" అన్నాడు ఆరిన్.

"మానేవాళ్ళం కాదు. చప్పుడు తగ్గించుకునేవాళ్ళం," అంది ఆమె.

"మరింకేం!"

గూటికి దూరంగా పడమటి ఒడ్డు నుంచి పని మొదలెట్టాలి, నడి స్తంభం పిల్లలు ఎగిరాకే ముట్టుకోవాలి. తల్లి డేగ పది నిమిషాలు గూడు విడిచి ఉంటే ఆపాలి. ఇదీ ఒప్పందం. కోరా రోజూ ఒడ్డున దుర్భిణీతో, ఎర్రజెండాతో కూర్చునేది.

జులైలో కాంక్రీటు పోసే రోజు సగం పనిలో జెండా లేచింది. ఆరిన్ చెయ్యెత్తాడు. అందరం ఆగాం. డేగ గంటన్నరకి గానీ గూటికి రాలేదు. లారీలో కాంక్రీటు పనికిరాకుండా పోయింది. వారం వెనకబడ్డాం. ఆరిన్ చేతితొడుగులు విసిరికొట్టి ఒడ్డున కూలబడ్డాడు.

కోరా దగ్గరికొచ్చి, "ఇవాళ జెండా ఎత్తకుండా ఉండాల్సింది," అంది మెల్లిగా.

"వద్దు మేడమ్. మీరు ఇవాళ మాట తప్పితే రేపు మేం తప్పుతాం."

ఆమె తలెత్తి చూసింది. క్రేన్ నీడ గూటి మీద పడుతోంది. డేగ బెదిరింది దానికే. క్రేన్‌ని ఎగువకి జరపాలంటే అక్కడ నేల కేంద్రం అడవిది, అనుమతి కావాలి. కోరా అప్పుడే కారెక్కింది. మర్నాడు మధ్యాహ్నానికి సంతకం పెట్టించుకుని, నిద్రలేని కళ్ళతో వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది. ఆ తరవాత జెండా మళ్ళీ లేవలేదు.

ఆగస్టులో మూడు పిల్లలూ ఎగిరిపోయాయి. నడి స్తంభం పని కూడా ముగించి, సెప్టెంబరు చివర వంతెన తెరిచాం. సభలో గవర్నర్ మనిషి రాష్ట్రం గెలిచిందన్నాడు. కేంద్రం నుంచి వచ్చినాయన చట్టం గెలిచిందన్నాడు. వెనక వరసలో నేనూ కోరా ఇద్దరికీ చప్పట్లు కొట్టాం.

ఆరిన్ సభకి రాలేదు. అది మార్లిస్ ఆసుపత్రి రోజు. అలవాటుకొద్దీ కొండదారి లెక్కనే బయల్దేరి, వంతెన మీదుగా గంట ముందే అక్కడికి చేరిపోయారట. ఇంకా తలుపులు తియ్యలేదు, ఇంత పెందరాళే ఎందుకు లేపావని ఆవిడ ఆరిన్‌ని తిడుతూ కూర్చుందట.