రెండో అంతస్తులో నా గది

పిచ్చుక వాళ్ల నాన్న ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. రెండో అంతస్తులోని మంచాల విభాగం ఆయనది. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరే పిచ్చుక. ఇప్పుడా పిల్లకి పద్దెనిమిదేళ్లు, కాలేజీలో మొదటి సంవత్సరం. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అమ్మానాన్న. రెండోదాంట్లో పిచ్చుక, నానమ్మ, కుట్టుమిషను, ఇంటిల్లిపాది బట్టలున్న బీరువా. మంచం ఒక్కటే. నానమ్మ నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతుంది.

కాలేజీలో చేరిన కొత్తలో తోటిపిల్లలందరూ తమ గదుల ఫొటోలు పెడుతుంటే పిచ్చుకకు అన్నం సయించేది కాదు. తన గదిని ఎటునుంచి తీసినా ఏదో ఒక మూల నానమ్మ పాదం పడేది.

ఒకరోజు నాన్న మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి షాపుకి వెళ్లింది. కొనేవాళ్లకు చూపడానికి అక్కడొక పడకగది అమర్చి ఉంది. తెల్లటి మంచం, ఉబ్బెత్తు దిండ్లు, పక్కన పొడుగాటి దీపం, తెర వెనక కిటికీ, అలమరలో పుస్తకాలు. నాన్న ఎవరికో బిల్లు రాస్తుండగా మంచమెక్కి కూర్చుంది. ధర చీటీని దిండు కింద దోపి, సగం మొహానికి ఇంకో దిండు అడ్డం పెట్టుకుని ఫొటో తీసుకుంది. 'నా గది, నా లోకం' అని రాసి పెట్టింది. మర్నాటికి నాలుగొందల లైకులు. అంతవరకూ పేరైనా అడగనివాళ్లు "నీ రూమ్ భలే ఉందే" అంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

ఇక రోజూ సాయంత్రం షాపే. "మా అమ్మాయికి వ్యాపారం మీద ధ్యాస కుదిరిందండోయ్" అని నాన్న కనబడినవాళ్లందరికీ చెప్పుకుని పొంగిపోయాడు.

కష్టాలు దీపంతో మొదలయ్యాయి. దాన్నెవరో కొనుక్కుపోయారు. "దీపమేదీ?" అని అరడజను మంది అడిగితే "రిపేరుకిచ్చాం" అని రాసింది. మరుసటి వారం తివాచీ పోయింది. "ఉతకడానికేశాం" అంది. మరి మంచమే పోతే? కొనేవాళ్లెవరైనా అటు నాలుగడుగులు వేస్తే చాలు, పిచ్చుక వాళ్లకి పక్క మంచం చూపించేది.

ఆ రోజు నాన్న గోడౌనుకి దిగాడు. ఒకావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చి ఫోను చూపించింది.

"అమ్మాయ్, ఇలాంటి మంచం ఉందా మీ దగ్గర?"

ఫోనులో ఉన్నది ఆ మంచమే. దాని మీద దిండు చాటున నవ్వుతున్నది పిచ్చుకే.

"మా పిల్ల క్లాసులో ఎవత్తో ఉందట. రాణీగారి గదట," అని ఆవిడ వాపోయింది. "ఇది చూసినప్పట్నుంచీ మాది తన మంచమెక్కనంటోంది. పన్నెండు రోజులుగా నేలమీదే పడక. ఇంటికి స్నేహితుల్ని రానివ్వదు. తిండి సరిగ్గా తినదు." అంటూనే పక్కకి తిరిగి, "అరె, ఇదే కదూ!" అంది.

"అది వద్దండీ!" పిచ్చుక అడ్డం నిలబడింది. "కిర్రుకిర్రుమంటుంది."

ఆవిడ కూర్చుని రెండుసార్లు ఊగి చూసింది. చడీచప్పుడూ లేదు.

"ఇప్పుడు కాదండీ, చలికాలంలో. పైగా నల్లులు..."

"కొత్త మంచానికి నల్లులేంటే?" అప్పుడే మెట్లెక్కిన నాన్న నిర్ఘాంతపోయాడు.

ఆవిడ ఫోనుని చూసింది, మంచాన్ని చూసింది, పిచ్చుకను చూసింది.

"ఆ ఎవత్తో నువ్వేనా?"

పిచ్చుక మంచమ్మీద కూలబడి భోరుమంది. ఎక్కిళ్ల మధ్య ఉన్నదంతా కక్కేసింది. నాన్న చాలాసేపు దిండు గలీబు సవరిస్తూ నిలబడ్డాడు. "అయితే రోజూ వచ్చేది నాకోసం కాదన్నమాట," అన్నాడు చివరికి. దాంతో ఏడుపు రెట్టింపైంది.

"మీ అమ్మాయితో చెప్పకండి ఆంటీ."

"నేను చెప్పను. నువ్వే చెప్పు. ఇప్పుడే, నా ముందే," అంటూ ఆవిడ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోను చేతికిచ్చింది.

అవతల పలికిన గొంతు సోడాది. దళసరి కళ్లద్దాల వల్ల కాలేజీలో అందరూ ఆ పిల్లని పిలిచే పేరది. "అమ్మా, దొరికిందా?"

"సోడా, నేనే. ఆ గది నాది కాదే. షాపుది."

సోడా ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది.

"మరి ఆ కిటికీ?"

"వెనక గోడే. లైటు పెట్టారంతే."

"పుస్తకాలు?"

"అట్టపెట్టెలు."

"నువ్వు పడుకునేదెక్కడ?"

"నానమ్మ పక్కన. తన్నులు తింటూ."

"పన్నెండు రోజులే!" సోడా కేకకు పక్క విభాగంలోని వాళ్లు కూడా తిరిగి చూశారు. "నడుం పట్టేసింది నాకు! వంగి చెప్పులేసుకోలేకపోతున్నా! నువ్వేమో 'హాయిగా నిద్రలేచాను' అని రాస్తావా?" తిట్టి తిట్టి అలిసిపోయాక గొంతు తగ్గించింది. "ఒసేయ్, నేనూ ఒకసారి రానా అక్కడికి? ఒక్కటంటే ఒక్క ఫొటో."

"వీపు చిట్లగొడతా," అంటూ వాళ్లమ్మ ఫోను లాక్కుని కట్ చేసింది. తర్వాత మంచమ్మీద నెమ్మదిగా నడుం వాల్చి, లేవబుద్ధి కాక అలాగే ఉండిపోయింది. "ఇది ఇచ్చెయ్యండి. దానికి కాదు, నాకు."

షాపు మూశాక ఇద్దరూ ఇంటికి నడిచారు. వీధి మలుపులో పిచ్చుక అంది, "రేపూ వస్తా నాన్నా. ఫోను ఇంట్లో పెట్టేసి."

"ఫోనుంటే ఉండనీ తల్లీ. సరుకుని మాత్రం తిట్టకు."

ఆదివారం సోడా ఇంటికొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని గది నాలుగు మూలలూ చూసి, "నువ్వు చెప్పిందానికన్నా ఇరుకే," అంది. నానమ్మ కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. ముగ్గురూ ఇరుక్కుని ఫొటో దిగి పెట్టారు. పావుగంటకి పదకొండు లైకులు. ఆడపిల్లలిద్దరి మొహాలూ వాడిపోయాయి.

"పదకొండు మందా!" నానమ్మ ఉలిక్కిపడి జుట్టు సర్దుకుంది. "ముందే చెప్పొద్దుటే? పళ్లు పెట్టుకునేదాన్నిగా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే సోడా మళ్లీ ఫోను వంక ఓరగా చూసింది.

"పన్నెండు," అంది.