అక్కయ్య వాటాకు వచ్చిన కోపం

లోపం లేనివాడు పైవాడొక్కడేనన్న సంగతి ఆ ఆఫీసు కంప్యూటర్‌కు కూడా తెలుసు. ఏడాదికోసారి సెక్షన్‌లో ప్రతివాళ్లూ తక్కినవాళ్ల గురించి ఒక్కో లోపం రాయాలి. "లోపమేమీ లేదు" అంటే ఒప్పుకోదు. గడి ఎర్రగా మారి మళ్లీ అడుగుతుంది.

వాషింగ్ మెషీన్లు పాడైనప్పుడు జనం ఫోన్ చేసి తిట్టే సెక్షన్ అది. రోజంతా బయటివాళ్ల చేత తిట్లు తినేవాళ్లు మళ్లీ ఒకళ్లనొకళ్లు ఏం తిట్టుకుంటారు? అందుకని తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర లోపాలు పంచుకుంటారు. ఎవరికి ఏది బొత్తిగా లేదో అదే వాళ్ల వాటాకు. ఎవరి మనసూ నొచ్చుకోదు, చదివినవాళ్లూ నమ్మరు.

"నా వాటాకేమిటి?" అన్నాడు బావగారు. ఎవరికీ బావ కాడు. కనబడ్డవాళ్లతో వరసలు కలిపి, ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడతాడని ఆ పేరు.

"నువ్వు నోట్లో నాలుక లేనివాడివి. మాట్లాడటం చేతకాదు," అన్నాడు మాస్టారు. ఈ ఉద్యోగానికి ముందు ట్యూషన్లు చెప్పేవాడు. ఇప్పటికీ ఆఫీసు తాళం తీసే మనిషికన్నా ముందొచ్చి మెట్ల మీద కూర్చుంటాడు.

"అయితే తమరికి ఆలస్యం రాస్తున్నాం మాస్టారూ. రోజూ ఆలస్యమేనా? సిగ్గుండక్కర్లా?"

"సర్లేవయ్యా. మరి అక్కయ్యకో?"

అందరూ అక్కయ్య వైపు తిరిగారు. మరీ పెద్దగా అరిచేవాళ్ల ఫోన్లన్నీ ఆవిడకే కలుపుతారు. అవతలి మనిషి అరిచి అలిసిపోయేదాకా విని, "కాసిని మంచినీళ్లు తాగండి బాబూ, మిగతాది తర్వాత తిడుదురుగాని," అంటుంది.

"కోపం!" అన్నాడు బావగారు. నవ్వాపుకోలేక ఇద్దరికి పొలమారింది.

"రాయండర్రా, ముక్కు మీదే ఉంటుందని రాయండి," అంది అక్కయ్య కూడా నవ్వుతూ.

పాత ఆఫీసరు, కంప్యూటర్ అచ్చుతీసిన ఆ కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టేవాడు. ఆయన బదిలీ అయి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడతోబాటు కొత్త పద్ధతీ వచ్చింది. ఒకరిద్దరు రాస్తే అది అభిప్రాయమట. సెక్షన్ మొత్తం ఒకే మాట రాస్తే రుజువట.

బావగారిని ధైర్యంగా మాట్లాడటం నేర్పే శిక్షణకు పంపారు. మాస్టారి ఫోన్‌లో అలారం పెట్టారు. ఆయన ఆఫీసుకొచ్చి మొదటి టీ తాగుతుండగా అది "నిద్ర లేవండి" అని మోగేది. అక్కయ్యకు కోపం తగ్గించుకునే క్లాసు పడింది.

మిగతా ఇద్దరికీ నవ్వులాటే. అక్కయ్యకు మాత్రం గుండె జారిపోయింది. సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అయింది. మెత్తని మనిషి అని ఇంతకుముందు రెండుసార్లు ఆవిణ్ణి దాటేసి, ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాళ్లను పైన కూర్చోబెట్టారు. ఈసారి ఇంటర్వ్యూకు పిలిచారు. తీరా ఇప్పుడు కోపిష్టి అన్న ముద్ర.

ఇంట్లో చెబితే అత్తగారు నోరు తెరిచింది. "కోపమా? నీకా? ఇన్నేళ్లు నేను రెచ్చగొట్టినా రాలేదు. అక్కడెవరికి చూపించావే?" అంది, తనకు దక్కాల్సింది ఎవరికో పోయినట్టు. భర్త మాత్రం, "వెళ్లి ఉన్నమాట చెప్పు. తప్పు చేయనప్పుడు దేవుడే చూసుకుంటాడు," అన్నాడు. ఆయనకు ఆఫీసుల సంగతి తెలియదు, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు.

అక్కయ్య ఆఫీసరమ్మ గదికి వెళ్లింది.

"నాకు కోపం లేదమ్మా."

"మొదట అందరూ అలాగే అంటారు మేడమ్. ఒప్పుకోవడమే కష్టం."

"లేనిదాన్ని ఎలా ఒప్పుకోనమ్మా?"

"చూశారా, గొంతు మారింది." ఆఫీసరమ్మ ఏదో టైపు చేసింది.

అక్కయ్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "అసలు సంగతి చెబుతా వినమ్మా. అదంతా సరదాకి..."

"అంటే అందరూ కలిసి అబద్ధం రాశారా?" ఆఫీసరమ్మ వేళ్లు ఆగాయి. "అలాగైతే సెక్షన్ మొత్తం మీద చర్య తీసుకోవాలి. రాసుకోమంటారా?"

అక్కయ్య కళ్ల ముందు మాస్టారూ, బావగారూ మెదిలారు. "వద్దమ్మా. కొంచెం ఉందిలే కోపం," అని లేచి వచ్చేసింది.

క్లాసులో కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టమన్నారు. ఆవిడకు నిద్రపట్టింది. ఇంత త్వరగా శాంతించినవాళ్లను చూడలేదని ధ్రువపత్రం ఇచ్చారు.

ఇంటర్వ్యూలో పెద్దసారు ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మిమ్మల్ని మెత్తని మనిషి అనుకున్నామండీ. లోపల ఇంత నిప్పుందని తెలిస్తే ఎప్పుడో ఇచ్చేవాళ్లం. సెక్షనంతా మీకు భయపడుతోందంటే మాటలా?"

"నాకు కోపం రాదండీ," అంది అక్కయ్య నెమ్మదిగా.

ఆయన ఆఫీసరమ్మ వైపు మెచ్చుకోలుగా చూశాడు. "క్లాసు బాగా పనిచేసిందే!"

అక్కయ్య ఇంక మాట్లాడలేదు. తోటివాళ్లను కాపాడటానికి ఊరుకుందో, కుర్చీ కోసం ఊరుకుందో దేవుడికి తెలియాలి. ఆవిడకూ కొంత తెలుసు.

కుర్చీ వచ్చింది. మొదటిరోజు ఆవిడ లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. మనం రాసిందాని మీదే కదా క్లాసుకు పంపారు, మనసులో పెట్టుకునే ఉంటుంది అన్నది వాళ్ల భయం.

"కూర్చోండర్రా, ఇదేమిటి?" అంది. ఆ మాటకు ఇంకా బిగుసుకుపోయారు.

ఆదివారం డ్యూటీలు వేయాలి. ఎన్నడూ గంటకు తక్కువ కాకుండా తగువులాడుకునే పని అది. ఒకళ్లకు పెళ్లిచూపులు, ఒకళ్లకు పంటినొప్పి. ఎవరూ ఒప్పుకోని ఆదివారాలన్నీ చివరికి అక్కయ్య మీదే పడేవి. ఈసారి ఆవిడ కావాలనే పేర్లు అడ్డదిడ్డంగా చదివింది. ఎవరో ఒకరు గోల పెడతారని ఆగింది.

"సరే మేడమ్," అన్నారు.

"బావగారూ, మీ చెల్లెలింటికి వెళ్లాలన్నారు కదా ఆ ఆదివారం?"

"పర్లేదు మేడమ్. కావాలంటే పై ఆదివారం కూడా నేనే వస్తా మేడమ్." శిక్షణ తీసుకుని వచ్చిన మనిషి అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"మాస్టారూ, మీరైనా చెప్పండి, ఇబ్బందా?"

"అబ్బే, ఏం ఇబ్బంది మేడమ్."

ఆవిడ ఒక్కొక్కరి మొహమూ చూసింది. అందరూ బల్ల వైపే చూస్తున్నారు. కడుపులోంచి వేడిగా ఏదో పైకొచ్చింది. అదేమిటో ఆవిడకే వెంటనే పోల్చుకోవడం రాలేదు. చేయి దానంతటదే లేచి బల్ల మీద దభీమని పడింది.

"ఒక్కరైనా కుదరదని ఏడవండర్రా!"

బావగారు తల వంచుకునే మాస్టారి వైపు ఓరగా చూశాడు. మాస్టారు చాలారోజుల తర్వాత హాయిగా ఊపిరి వదిలాడు. అక్కయ్య విషయంలో ఆ ఏడు తాము అబద్ధం రాయలేదు.